వృద్ధాశ్రమం: చేర్చే ముందు, చేర్చిన తరువాత

ప్రతి సంవత్సరం డిసెంబరు రెండవ వారంలో మా సంఘస్థులలో కొందరం కలిసి దగ్గరి పట్టణంలోని వృద్ధాశ్రమాలకు వెళ్ళేవాళ్ళము. రొట్టెలు, బత్తాయిలు, దుప్పట్లు తీసుకొని వెళ్ళి, పెద్దలందరితో హాలులో కూర్చొని, రెండు పాటలు పాడి, ప్రార్థన చేసి, ఫోటో తీయించుకొని, చీకటి పడకముందే తిరుగు బస్సు ఎక్కేవాళ్ళము. బయలుదేరేముందు నిర్వాహకులు సందర్శకుల పుస్తకం తెచ్చి ముందు పెడితే, నాలుగు మంచి మాటలు వ్రాసి సంతకం చేయడం మాకు అలవాటు.

కొన్నేళ్ళ క్రిందట అలాగే ఒక ఆశ్రమానికి మొదటిసారి వెళ్ళాము. కొత్త కట్టడం. తెల్లని టైల్సు, వాకిట్లో బంతిపూల మడులు. పెద్దలందరికీ ఉతికిన బట్టలు కట్టి, తలలు దువ్వి, వరుసగా కూర్చోబెట్టారు. ఇక్కడ పెద్దలను కన్న తల్లిదండ్రులవలె చూచుకొంటున్నారని ఆ పుస్తకంలో వ్రాసి, సంఘం పేరుతో సహా సంతకం పెట్టాము. ఆ రోజు మేము చూసింది హాలు, ఆఫీసు గది. మంచాలున్న గదులలోకి వెళ్ళలేదు. వెళ్ళవద్దని ఎవరూ అనలేదు. మేమే అడగలేదు.

మరుసటి ఏప్రిల్ నెలలో మా సంఘంలోని ఒక కుటుంబం తమ తల్లిని ఆ ఆశ్రమంలో చేర్చింది. ఆమెకు 78 ఏళ్ళు. భర్త పోయి చాలా కాలమైంది. పెద్దకొడుకు హైదరాబాదులో, చిన్నకొడుకు కువైట్‌లో, కూతురు పక్క జిల్లాలో ఉంటారు. పక్షవాతం వచ్చి ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోవడంతో ఆమెను పల్లెలో ఒంటరిగా ఉంచే వీలు లేకపోయింది. చేర్చి వచ్చిన ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దకొడుకు మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మాకు మొదట భయంగానే ఉండింది. అక్కడి పుస్తకంలో మీరు వ్రాసింది చూశాక ధైర్యం వచ్చింది" అన్నాడు. ఆ మాటకు మేము సంతోషించాము కూడా.

ఏడు వారాల తరువాత ఒక మంగళవారం కూతురు ఎవరికీ చెప్పకుండా తల్లిని చూడబోయింది. చీర తడిసి ఉన్నదని తానే మార్చబోతే, వెన్నెముక చివర అరచేయంత పుండు కనబడింది. ఎడమ మడమ మీద ఇంకొకటి మొదలవుతూ ఉంది. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్చారు. పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. మేము పలుకరించడానికి వెళితే ఆ తల్లి, "అక్కడి పిల్లల్ని ఏమీ అనకండి అయ్యగారూ. ఉన్నది ఇద్దరే. పాపం, అలసిపోతారు" అన్నది. కూతురు మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. మంచం పక్కనున్న స్టూలు మా వైపు జరిపి కూర్చోమన్నది. అక్కడ కూర్చున్నంతసేపు మాకు మేము చేసిన సంతకమే గుర్తుకు వచ్చింది.

ఒక ఆశ్రమాన్ని ఎలా చూడాలో తెలియకుండానే దానిని మెచ్చుకొని వ్రాసినవాళ్ళం మేము. ఆ తరువాత డాక్టర్లను, నర్సులను అడిగి, కొన్ని పుస్తకాలు చదివి, పది ఆశ్రమాల వరకు తిరిగి నేర్చుకున్న సంగతులను ఇక్కడ వ్రాస్తున్నాము. ఈ పత్రిక చదివే కుటుంబాలలో ఎవరికైనా ఈ అవసరం రావచ్చును.

చేర్చడమే తప్పా?

ముందుగా ఒక మాట విషయంలో జాగ్రత్తపడాలి. మన ఊళ్ళలో నర్సింగ్ హోమ్ అంటే ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో ఉన్న మన పిల్లలు నర్సింగ్ హోమ్ అంటే మాత్రం, తమ పని తాము చేసుకోలేని పెద్దలను నర్సుల సహాయంతో ఉంచుకునే ఇల్లు. ఫోనులో ఈ మాట వల్ల కుటుంబాలు పొరబడడం మేము చూశాము. ఇక్కడ ఆ పనిని చేసేవి కొన్ని వృద్ధాశ్రమాలు మాత్రమే. చాలా ఆశ్రమాలు లేచి తిరిగేవారిని మాత్రమే చేర్చుకుంటాయి. కనుక అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇది: "మా అమ్మ రేపు మంచం పడితే మీరు ఉంచుకుంటారా, తీసుకువెళ్ళమంటారా?" దీనికి సూటిగా జవాబు చెప్పని చోట మిగిలిన ప్రశ్నలు అడిగి ప్రయోజనం లేదు.

తల్లిని ఆశ్రమంలో చేర్చిన కొడుకును ఊరంతా వేలెత్తి చూపుతుంది. ఆ సిగ్గుతోనే చాలామంది రాత్రికి రాత్రి చేర్చి వస్తారు. సిగ్గుపడేవాడు ప్రశ్నలు అడగలేడు. చేర్చుకున్నందుకే నిర్వాహకులకు దండం పెట్టి వస్తాడు. మేము సంఘంలో చెప్పే మాట వేరు. మన ప్రభువు సిలువ మీద ఉండి కూడా తన తల్లిని ఒకరికి అప్పగించాడు. ఎవరికి అప్పగిస్తున్నాడో ఆ మనిషిని ఆయన బాగా ఎరుగును. ఇంట్లో చూసుకోలేని పరిస్థితి నిజంగా వచ్చినప్పుడు అప్పగించడం తప్పు కాదు. ఎరుగకుండా అప్పగించడం, అప్పగించి మరచిపోవడం తప్పు.

కట్టడం, పని, ఫలితం

వైద్యంలో మంచిచెడ్డలను ఎలా కొలవాలి అనే విషయం మీద బేరూత్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన అవెదిస్ దొనబెదియన్ అనే డాక్టరు 1966లో ఒక వ్యాసం వ్రాశాడు. మూడు విషయాలను విడివిడిగా చూడాలని ఆయన చెప్పాడు. మొదటిది, కట్టడం: గదులు, పరికరాలు, ఎంతమంది పనివాళ్ళు, వారి చదువు. రెండవది, పని: ఆ మనుష్యులు రోజూ నిజంగా చేసేది ఏమిటి? మూడవది, ఫలితం: ఆ పని వల్ల రోగి శరీరం, మనస్సు ఎలా ఉన్నాయి? ఈనాటికీ ఆసుపత్రులను పరీక్షించేవారు ఈ మూడింటినే పట్టుకొని చూస్తారు.

మేము ఆ డిసెంబరులో చూసింది మొదటి దానిలో సగం మాత్రమే. టైల్సు చూశాము గాని రాత్రిపూట ఎంతమంది మేలుకొని ఉంటారో అడగలేదు. రెండవది చూడాలంటే పని జరిగే వేళకు వెళ్ళాలి. మూడవది చూడాలంటే మంచం దగ్గరకు వెళ్ళాలి.

ఎప్పుడు వెళ్ళాలి?

అమెరికాలో 1987లో వచ్చిన చట్టం ప్రకారం అక్కడి నర్సింగ్ హోమ్‌లను ప్రభుత్వ తనిఖీవారు ముందుగా చెప్పకుండా వెళ్ళి చూడాలి. తనిఖీ తేదీని ముందుగా ఆశ్రమానికి తెలియజేసినవారికి 2,000 డాలర్ల వరకు జరిమానా అని కూడా ఆ చట్టంలో వ్రాశారు. అతిథి వస్తున్నాడని తెలిస్తే ఎవరైనా ఇల్లు సర్దుతారు. మనమూ అంతే. మన ఊళ్ళలో ఆ తనిఖీ పని కుటుంబమే చేసుకోవాలి.

కాబట్టి మొదటిసారి చెప్పి వెళ్ళండి. నిర్వాహకులతో మాట్లాడి, అన్ని గదులూ చూడండి. రెండవసారి చెప్పకుండా వెళ్ళండి. భోజనాల వేళ ఒకసారి, సాయంత్రం ఆరు తరువాత ఒకసారి చూడగలిగితే మంచిది. పగలు నలుగురు పనివాళ్ళున్న చోట రాత్రి ఒక్కరే ఉండవచ్చు. రాత్రి ఒక్కరే ఉన్న చోట, ఒకరిని మరుగుదొడ్డికి తీసుకువెళితే మిగిలినవారు పిలిచినా పలికేవారు ఉండరు. ఆదివారం, పండుగ దినాలలో పనివాళ్ళు సెలవు పెడతారు గనుక ఆ రోజులలో వెళ్ళినా మంచిదే.

వెళ్ళాక తిరిగి చూడడం ఒక్కటే చాలదు. ఒక మూల ఒక గంటసేపు కూర్చోండి. ఎవరో ఒకరు "అమ్మాయ్" అని పిలుస్తారు. ఎంతసేపటికి ఎవరు వచ్చారో చూడండి. వచ్చినవారు ఏమని పలికారో వినండి. మామ్మగారూ, తాతగారూ అంటున్నారా, పేరు పెట్టి ఏకవచనంలో కసురుతున్నారా? బట్టలు మార్చేటప్పుడు తలుపో తెరో వేస్తున్నారా? మూత్రపు వాసన ఒక మంచం దగ్గర ఉంటే ఇప్పుడే తడిసి ఉండవచ్చు. ఇల్లంతా ఉంటే గంటల తరబడి ఎవరూ మార్చడం లేదని అర్థం. గదిలో ఫినాయిలు వాసన తప్ప ఇంకేమీ రాకపోతే అదీ కొంచెం ఆలోచించవలసిందే.

మంచం దగ్గర చూడవలసినవి

మంచినీళ్ళు: గ్లాసు పెద్దల చేతికి అందేచోట ఉందా? వయస్సు మీరినకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. పైగా రాత్రి లేవవలసి వస్తుందని భయపడి చాలామంది పెద్దలు నీళ్ళు తాగడం మానేస్తారు. నీరు తగ్గితే, మూత్రంలో చీము చేరితే, నిన్నటివరకు బాగా మాట్లాడిన మనిషి ఈరోజు పొంతన లేకుండా మాట్లాడవచ్చు. దానిని ముసలితనం అని వదిలివేయకూడదు. డాక్టరుకు చూపించాలి.

భోజనం: ఏమి వండారన్నది ఒక్కటే గాక, ఎలా తినిపిస్తున్నారో చూడాలి. పక్షవాతం వచ్చినవారిని పడుకోబెట్టి తినిపిస్తే మెతుకు ఊపిరితిత్తులలోకి పోయి జబ్బు చేస్తుంది. నిటారుగా కూర్చోబెట్టి, తొందరపెట్టకుండా పెట్టాలి. తిన్న తరువాత కూడా అరగంట కూర్చోబెట్టాలి. ఒకే మనిషి పదిమందికి గబగబా పెడుతూ ఉంటే ఇది జరగదు.

మరుగుదొడ్డి: నేల తడిగా ఉందా? గోడకు పట్టుకునే కడ్డీ ఉందా? రాత్రి దారిలో దీపం ఉంటుందా? పెద్ద వయస్సులో పడితే తుంటి ఎముక విరగడం సామాన్యం. ఆ ఒక్క దెబ్బతో మంచాన పడి లేవనివారిని మనం ప్రతి ఊరిలోనూ చూస్తున్నాము.

శరీరం: ఇది అన్నిటికంటే ముఖ్యం. మంచంలో కదలలేని మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం నర్సులు పాటించే పద్ధతి. తిప్పకపోతే ఎముక మీది చర్మం పరుపుకూ ఎముకకూ మధ్య నలిగి, రక్తం ఆడక, లోపల చచ్చిపోతుంది. వెన్నెముక చివర, తుంటి, మడమలు, భుజాల వెనుక, తల వెనుక ముందుగా పుండ్లు పడతాయి. తెల్లని చర్మం మీద మొదట ఎర్రగా కనబడి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోదు. మన చామనచాయ మీద ఆ ఎరుపు కనబడకపోవచ్చు. పక్క చర్మం కంటే నల్లగా లేక ఊదాగా ఉందా, ముట్టుకుంటే వేడిగానో గట్టిగానో ఉందా అని చూడాలి. ఈ దశలో ఒత్తిడి తగ్గిస్తే మానిపోతుంది. చర్మం చిట్లిన తరువాత నెలలు పడుతుంది. గాలిపరుపు సహాయం చేస్తుంది గాని, గాలిపరుపు వేశాము గనుక తిప్పనవసరం లేదు అనడం సరి కాదు. కమిలినచోట స్పిరిటు పెట్టి గట్టిగా రుద్దే పాత అలవాటును ఇప్పుడు వైద్యులు వద్దంటున్నారు.

కట్టివేయడం, మత్తు: కొన్నిచోట్ల మతిమరుపు ఉన్న పెద్దలను లేవకుండా మంచానికో కుర్చీకో గుడ్డతో కడతారు. పడిపోతారని కట్టామని చెబుతారు. కట్టినవారు పెనుగులాడి దెబ్బలు తగిలించుకుంటారు, కాళ్ళలో బలం పోయి పుండ్లు పడతాయి. క్రమశిక్షణ కోసమో, పనివాళ్ళ సౌకర్యం కోసమో కట్టకూడదని పైన చెప్పిన 1987 చట్టంలో ఉంది. గుడ్డ లేని చోట మాత్రతో కట్టడం కూడా ఉంది. మిట్టమధ్యాహ్నం అందరూ నిద్రలో తూలుతూ ఉంటే ఏ మందులు ఇస్తున్నారో అడగండి. మతిమరుపు ఉన్న పెద్దలకు మనోవ్యాధుల మందులు వాడితే మరణాలు పెరుగుతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. డాక్టరు వ్రాసిన కాగితం లేకుండా ఏ మందూ వేయకూడదు.

ఎవరిని ఏమని అడగాలి?

"ఇక్కడ బాగుందా?" అని పెద్దలను అడిగితే "బాగానే ఉంది బాబూ" అంటారు. మనం వెళ్ళిపోయాక అక్కడే ఉండవలసినవారు ఇంకేమి చెబుతారు? నిర్వాహకులు పక్కన లేనప్పుడు చిన్న చిన్న ప్రశ్నలు అడగండి. నిన్న రాత్రి ఏమి తిన్నారు? రాత్రి లేవవలసి వస్తే ఎవరిని పిలుస్తారు? ఎంతసేపటికి వస్తారు? తలకు పోసుకొని ఎన్నాళ్ళయింది? పోయిన నెలలో ఎవరైనా పడ్డారా? ఈ ప్రశ్నలకు ఎవరి మీదా నేరం మోపకుండానే జవాబు చెప్పవచ్చు గనుక పెద్దలు చెబుతారు.

నిర్వాహకులను కాగితాలు అడగడానికి మొహమాటపడకండి. సంస్థ రిజిస్టరైన పత్రం, నెలకు ఎంత, ఆ డబ్బులో ఏమేమి వస్తాయి, డైపర్లు, మందులు, ఆసుపత్రి ఖర్చు ఎవరివి అనేది వ్రాతపూర్వకంగా తీసుకోండి. నర్సు అని చెప్పినవారు జి.ఎన్.ఎం. చదివారా, ఎ.ఎన్.ఎం. చదివారా, లేక పనిచేస్తూ నేర్చుకున్నారా? నేర్చుకున్నవారు పనికిరారని కాదు. ఎంతో మంచి చెయ్యి ఉన్న ఆయమ్మలను మేము చూశాము. అయితే ఇన్సులిన్ ఇచ్చేది ఎవరు, పుండుకు కట్టు కట్టేది ఎవరు అన్నది మనకు తెలియాలి. డాక్టరు వారానికి ఎన్నిసార్లు వస్తారు? అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే ఏ ఆసుపత్రికి, ఏ బండిలో తీసుకువెళతారు? ఎవరికి ఫోను చేస్తారు? మందులు ఇచ్చినట్లు ఏ పుస్తకంలో వ్రాస్తారు? ఆ పుస్తకం చూపమనండి. నెల మొత్తానికీ ఒకే కలంతో ఒకే పూట టిక్కులు పెట్టినట్టుంటే మీకే తెలిసిపోతుంది.

ఇంకొక ప్రశ్న ఉంది. "మేము ఏ వేళనైనా వచ్చి చూడవచ్చునా?" నిద్రవేళలో వద్దనడం న్యాయమే. ఆదివారం నాలుగు నుండి అయిదు వరకే, అదీ హాలులోనే అంటే అక్కడ చేర్చవద్దు.

చేర్చిన తరువాత

మా సంఘంలోని ఆ కుటుంబం తల్లిని పట్టించుకోలేదని అనుకోకండి. కువైట్ నుండి చిన్నకొడుకు రెండు రోజులకొకసారి వీడియోలో మాట్లాడేవాడు. "అమ్మ నవ్వుతూనే కనబడేది అయ్యగారూ" అని తరువాత చెప్పి ఏడ్చాడు. వీడియోలో ముఖం కనబడుతుంది. మడమలు కనబడవు.

మొదటి నెలలో వారానికి ఒకసారైనా ఎవరో ఒకరు వెళ్ళాలి. వెళ్ళినవారు పళ్ళు ఇచ్చి రాకుండా ఒక పని చేయాలి. స్నానం చేయించండి, లేక చీర మార్చండి, లేక కాళ్ళకు కొబ్బరినూనె రాయండి. అప్పుడు ఎవరినీ అనుమానించినట్లు కాకుండానే ఒళ్ళంతా చూసినట్లవుతుంది. మగపిల్లలు తల్లి విషయంలో చేయలేరు గనుక కూతురో కోడలో అక్కచెల్లెళ్ళో చూడాలి. గోళ్ళు, నోరు, పళ్ళసెట్టు, కళ్ళజోడు చూడండి. చక్కెర జబ్బు ఉంటే వేళ్ళ సందులు చూడండి.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. చేర్చిన రోజు బరువు వ్రాయండి. ప్రతి నెలా తూయించండి. 50 కిలోల మనిషి నెలలో రెండున్నర కిలోలు, లేక ఆరు నెలలలో 5 కిలోలు తగ్గితే కారణం తెలుసుకోవాలి. ఎన్నిసార్లు పడ్డారు, ఏ మందు మార్చారు, ఎవరితో మాట్లాడుతున్నారు అన్నది కూడా వ్రాయండి. ఒకప్పుడు గలగల మాట్లాడిన తల్లి ఇప్పుడు అడిగినదానికే జవాబు చెబుతున్నదంటే అదీ వ్రాయవలసిన సంగతే.

లోపం కనబడితే

కనబడిన ప్రతి లోపమూ దుర్మార్గం కాదు. ఇద్దరు ఆడపిల్లలు ఇరవైమందిని చూసే చోట వాళ్ళు దేవదూతలైనా రెండు గంటలకొకసారి అందరినీ తిప్పలేరు. ఆ పిల్లల మీద కేకలు వేస్తే మనం బయలుదేరాక ఆ కోపం మన అమ్మ మీదికే పోవచ్చు. అందుకని పనివారితో మెత్తగా, నిర్వాహకులతో గట్టిగా మాట్లాడాలి. చూసింది చూసినట్లు తేదీతో చెప్పి, ఎప్పటిలోగా సరిచేస్తారో అడగాలి. అపొస్తలుల కార్యముల ఆరవ అధ్యాయంలో విధవరాండ్రకు అనుదిన పరిచర్య అందడం లేదని సణుగు పుట్టినప్పుడు అపొస్తలులు సణిగినవారిని గద్దించలేదు. ఆ పని చూడడానికి ఏడుగురు మనుష్యులను ఏర్పరచారు. ఫిర్యాదు విని, మనుష్యులను పెంచిన ఆశ్రమాన్ని నమ్మవచ్చు. ఫిర్యాదు విని, "అయితే మీ అమ్మను తీసుకువెళ్ళండి" అన్నచోటి నుండి నిజంగానే తీసుకువెళ్ళండి.

కొట్టడం, కట్టివేయడం, తిండి పెట్టకపోవడం వంటివి చూస్తే వయోవృద్ధుల సహాయానికి దేశమంతటా ఉన్న 14567 నంబరుకు ఫోను చేయవచ్చు. జిల్లా కేంద్రంలో వయోవృద్ధుల సంక్షేమం చూసే శాఖ కార్యాలయం ఉంటుంది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కూడా తెలిసి ఉండాలి. పేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మందికి చోటుండే ఆశ్రమాలను రాష్ట్ర ప్రభుత్వం స్థాపించవచ్చునని, వాటిలో ఉండవలసిన ప్రమాణాలను నిర్ణయించవచ్చునని అందులో ఉంది. ఆ చట్టం ఆశ్రమాల సంగతితో ఆగలేదు. పెద్దలను చూడవలసిన బాధ్యత ఉన్నవారు వారిని పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెడితే మూడు నెలల వరకు జైలు, లేక 5,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండూ పడవచ్చు. పిల్లలు పోషించకపోతే తల్లిదండ్రులు ఆ చట్టం క్రింద ఏర్పడిన ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇప్పుడు మేము చేస్తున్నది

మా సంఘం డిసెంబరు యాత్ర మానలేదు గాని దాని పద్ధతి మార్చుకున్నది. స్త్రీల సమాజంవారు ఇద్దరిద్దరుగా, నెలకు రెండుసార్లు, ముందు చెప్పకుండా వెళుతున్నారు. మన సంఘస్థులు ఉన్న మంచాల దగ్గరే గాక, ఎవరూ రాని మంచాల దగ్గర కూడా కూర్చుంటున్నారు. ఎవరో ఒకరు వస్తూ పోతూ ఉంటారని తెలిసిన మనిషిని పనివాళ్ళు కూడా ఎక్కువ కనిపెట్టి చూస్తారని ఆశ్రమాల నిర్వాహకులే మాతో ఒప్పుకున్నారు.

ఆ తల్లిని ఆసుపత్రి నుండి కూతురు తన ఇంటికి తీసుకువెళ్ళి నాలుగు నెలలు ఉంచుకున్నది. ఆమె కూలికి వెళితేగాని గడవని ఇల్లు. అంతకంటే ఎక్కువ ఉంచుకోలేక ఇంకొక ఆశ్రమం వెతికారు. ఈసారి మేమూ వెంట వెళ్ళాము. మూడుసార్లు వెళ్ళాము. అది పాత పెంకుటిల్లు. టైల్సు లేవు, పూలమొక్కలు లేవు. పన్నెండు మంచాలు, పగలు ముగ్గురు ఆయమ్మలు, రాత్రి ఇద్దరు. గోడకు వేలాడే అట్ట మీద ఎవరిని ఎప్పుడు ఏ పక్కకు తిప్పారో సుద్దముక్కతో వ్రాసి ఉంది.

పోయిన నెల ఒక బుధవారం మధ్యాహ్నం చెప్పకుండా వెళ్ళాము. గుమ్మం దగ్గరే ఒక ఆయమ్మ అడ్డం నిలబడి, "ఎవరండీ, ఎవరి కోసం?" అని అడిగింది. ఫలానా సంఘం పాస్టరుగారిమని చెప్పినా కదలలేదు. "ఒక్క నిమిషం ఉండండి" అని లోపలికి వెళ్ళింది. "మామ్మగారూ, ఎవరో పాస్టరుగారు వచ్చారు. రమ్మనమంటారా, కాసేపాగి రమ్మనమంటారా?" అని అడగడం మాకు వినబడింది. ఆ తల్లి "పైట సర్దు, అప్పుడు రమ్మను" అన్నది. మేము వాకిట్లో నిలబడ్డాము.

తిరిగి వచ్చేముందు అక్కడ కూడా సందర్శకుల పుస్తకం మా ముందు పెట్టారు. ఏమి వ్రాయాలో కాసేపు తోచలేదు. చివరకు తేదీ, వచ్చిన వేళ వేసి ఇలా వ్రాశాము: "మంచినీళ్ళు చేతికి అందేచోట ఉన్నాయి. కూతురు నెల నెలా వ్రాస్తున్న బరువు తగ్గలేదు. మడమలు బాగున్నాయి. వచ్చే నెల మళ్ళీ వస్తాము."